తవిటమ్మ ఎవరి పిల్ల

నాచారంలో నా పేరు మరే ఆడపిల్లకూ లేదు. తవిటమ్మ. బళ్లో నవ్విన వాళ్లతో నేను మాట్లాడటం మానేసేదాన్ని. అలా సగం తరగతితో మాటల్లేవు.

అరవై ఏడులో, ఏడో తరగతి పరీక్షలకు ముందు ఛాయాదేవి టీచర్ మా అమ్మను పిలిపించింది.

"గీ తవుడు పేరేంది? తారామణి అని మారుస్త. మంచిగుంటది."

"మార్చొద్దు," అన్నాను నేను.

"ఆ మాట మార్తమ్మని అడగాలండి," అని అమ్మ వెళ్లి మా పక్కింటి మార్తమ్మను వెంటబెట్టుకొచ్చింది.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. నాన్న రైల్వే ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చినా అమ్మ శ్రీకాకుళం ఆచారం వదల్లేదు. నేను పుట్టగానే చాటలో పడుకోబెట్టి మార్తమ్మకు అమ్మేసింది. ఆమె చాటెడు తవుడిచ్చి కొనుక్కుని, పెంచమని మళ్లీ అమ్మ చేతికే ఇచ్చింది. పరాయి పిల్లనైతే చావు నా జోలికి రాదని అమ్మ నమ్మకం. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మార్తమ్మకు ఆ నమ్మకం లేదు. అయినా అమ్మ ముఖం చూసి కాదనలేకపోయింది.

"తవుడిచ్చి కొన్నది నేను. పేరు పెట్టింది నేను. మారుస్తె ఊకోను టీచరమ్మా," అంది మార్తమ్మ.

టీచర్ మా అమ్మ వైపు తిరిగింది. "మరి నువ్వు ఈ పిల్ల తల్లివి గావా?"

అమ్మ నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. ఇన్నేళ్లుగా ఎవరడిగినా చెప్పే జవాబే చెప్పింది.

"కాదండి. పెంచుతున్నాను."