వేడెక్కాక సున్నా

నా భార్య పోయాక ఆమె తమ్ముడితో నేను మాట్లాడలేదు. మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టు చూసేది వాడే. ఆమె పోయిన మధ్యాహ్నం ఆ లిఫ్టు ఆగిపోయింది. గుండె జబ్బు మనిషి, మెట్లెక్కింది. నాలుగో అంతస్తు మలుపులో కూలబడింది. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు వాడు లిఫ్టు డ్రైవును చంకన పెట్టుకుని మా మోటారు షెడ్డుకొచ్చాడు. డ్రైవంటే మోటారుకి ఎంత కరెంటు పంపాలో చూసుకునే పెట్టె. అవి బాగుచేయడమే నా పని.

"మళ్ళీ ఆగుతోంది బావా. మధ్యాహ్నాలే ఆగుతోంది. ఒకసారి చూడు."

"మీ కంపెనీలో మనుషులు లేరా?"

"వాళ్ళయితే ఇది పారేసి కొత్తది పెడతారు. ఎందుకు ఆగిందో చెప్పరు." పెట్టెని బల్ల మీద దించాడు. "ఆ రోజు ఎందుకు ఆగిందో నాకు తెలియాలి."

కూర్చోమనలేదు. బల్ల మీద మోటారుకి కలిపి తిప్పాను. వాడు వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంపు మీటరు తీసి, మూడు వైర్లూ కలిపి దాని నోట్లో ఇరికించాడు. మీటరు సున్నా చూపింది.

"అసలు కరెంటే పోవట్లేదు బావా."

"మూడు ఫేజులూ కలిపి పట్టుకుంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇన్నేళ్ళు ఏం వెలగబెట్టావురా?"

"కంగారులో చూసుకోలేదు."

"కంగారైతే బుర్ర పనిచేయదా?"

ఒక్కో వైరే పట్టుకుని చూశాం. డ్రైవు తెర మీద అంకె, మీటరు మీద అంకె ఒకటే. వాడి మొహం తేటపడింది.

"బాగానే ఉంది కదా."

"చల్లగా ఉంది కాబట్టి."

మూతేసి, వేడిగాలి ఊదే హీట్ గన్ పెట్టాను. లిఫ్టు మిషను గది రేకుల కింద ఉంటుంది. మధ్యాహ్నం అక్కడ ఇంతకంటే తక్కువేమీ కాలదు. పెట్టె బాగా కాగాక మోటారు ఆపేశాను. మీటరు సున్నా. తెర మీద మాత్రం మొదటి ఫేజులో ఆరు ఆంపియర్లు. లేని కరెంటు అది. ఈ డ్రైవులో కరెంటు కొలిచే సెన్సర్లు రెండే. మూడో ఫేజుని ఆ రెండింటి నుంచీ లెక్కగట్టుకుంటుంది. ఒకటి తప్పితే రెండు తప్పుతాయి. బరువు పెట్టి తిప్పాను. మోటారు కాసేపు గిలగిల్లాడింది. కరెంటు ఎక్కువైపోయిందనుకుని డ్రైవు దాన్ని ఆపేసింది.

"వేడికి సెన్సరు సున్నా పక్కకి జరుగుతుంది. జరగని సెన్సరు లేదు. అందుకే కదలబోయే ముందు ప్రతిసారీ, కరెంటు లేనప్పుడు, సున్నా ఎక్కడుందో చూసుకునే సెట్టింగు ఒకటి ఉంటుంది." మీటలు నొక్కి వెతికాను. "ఇందులో అది తీసేసి ఉంది. ఎవడు తీశాడు?"

వాడు బల్ల వైపు చూశాడు.

"నేనే. అదుంటే లిఫ్టు కదిలే ముందు కాస్త ఆగేది. అక్క ఊరుకునేది కాదు. ‘మీ లిఫ్టు ముహూర్తం చూసుకుని గానీ కదలదేంట్రా’ అని ఎక్కినప్పుడల్లా ఏడిపించేది. ఓ పొద్దున్నే, చల్లగా ఉండగా ఒక్కసారి సున్నా పెట్టేసి, అది తీసేశాను. మీట నొక్కగానే కదిలిందని అక్క ఎంత సంబరపడిందో."

ఆ మాట ఆమెదే. ఆమె గొంతుతోనే వినిపించింది. నాకేమీ అనిపించలేదు.

"ఆ రోజు ఆగింది ఇందుకేనా బావా?"

మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పినా ఎక్కింది. కింద వాచ్‌మన్ కుర్చీ ఖాళీగానే ఉంది, లిఫ్టు బాగయ్యేదాకా కూర్చోవచ్చు. ఆ గుండె కుర్చీలోనైనా ఆగేదేమో. ఇవన్నీ నిజాలే. వాడు వీటి గురించి అడగలేదు.

"ఇందుకే" అన్నాను.

వాడు స్టూలు మీద చతికిలబడ్డాడు. హీట్ గన్ ఇంకా ఊదుతోంది. ఆపలేదు, పనుంది.

"ఏదో ఒకటి అను బావా. తిట్టు. కొట్టినా సరే."

సెట్టింగు పెట్టి, ఆ వేడి మీదే మళ్ళీ తిప్పాను. మోటారు ఆగలేదు. తెరా మీటరూ కలిశాయి. మూత స్క్రూలు బిగించి పెట్టెని వాడి ముందుకి తోశాను.

"తీసుకెళ్ళి పెట్టు. జనం మెట్లెక్కుతున్నారు."