ఇసోనామి చేతి వాపు

మా ఆయన లెక్కలో నేను ఒట్టి అనుమానం మనిషిని. చుట్టం గొడుగు పట్టుకుని ఇంటికొస్తే, వానకి తెచ్చాడా ఇంకేదైనా దాచడానికి తెచ్చాడా అని చూస్తానట. నిజమే కావచ్చు. సముద్రం ఒడ్డున రోడ్డు పక్కన చేపలు కాల్చి అమ్ముకునే ఆడదానికి ఆమాత్రం అనుమానం లేకపోతే, కొట్టు ముందు తిరిగే పిల్లులు కూడా లెక్కచెయ్యవు.

ఈసారి అనుమానం ఫొటోతో మొదలైంది. మా అబ్బాయి సోహేయ్ తోక్యోలో షిరాసె వస్తాదుగారి సుమో తాలింఖానాలో ఉంటాడు. బరిలో వాడి పేరు ఇసోనామి. మా ఊరి అభిమాన సంఘం వాళ్లు అక్కడికి వెళ్లి వాడితో ఫొటో దిగి అందరికీ పంపారు. అందరూ వాడి భుజాలు చూసి మురిసిపోయారు. నేను చెయ్యి చూశాను. కుడిచేతి వేళ్ల కణుపులు రేగుపళ్లలా ఉబ్బి ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఫోన్లో చెయ్యి చూపించమన్నాను. వాడు ఎడం చెయ్యి చూపించి నవ్వాడు. రెండోది కూడా చూపించమంటే, సాధన దుంగని కొడుతుంటే కాస్త వాచిందమ్మా అని మాట మార్చాడు. మా ఆయన పక్కనుంచి, మల్లుడికి వాపు రాక నీకూ నాకూ వస్తుందా అన్నాడు.

ఉత్తరాన మా త్సుగారులో మగపిల్లలంతా కుస్తీ పడుతూనే పెరుగుతారు. దుంగని కొట్టేది అరచేత్తోనని పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. అరచేత్తో కొడితే అరచెయ్యి కాయలు కాస్తుంది గాని కణుపులెందుకు వాస్తాయి? ఎవడో వెదురుకర్ర ఎత్తి ఉంటాడు. నా కొడుకు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటాడు. అలాంటి సంగతులు అప్పుడప్పుడూ పేపర్లో పడుతూనే ఉంటాయి. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

వస్తాదుగారికి ఫోన్ చేసి, సాధన చూడ్డానికి వస్తానన్నాను. ఆయన కాసేపు ఆగి, "రండమ్మా, మీ ఇల్లే కదా" అన్నాడు. ఆ ఆగడం నాకు నచ్చలేదు. తిరుగు ప్రయాణానికి వాడికి కూడా టిక్కెట్టు కొన్నాను. నా కొడుకుని ఎవడైనా ముట్టుకుంటున్నాడని తేలితే చాలు, సిగ కోయించి, కుస్తీ మాన్పించి ఇంటికి తీసుకొచ్చేస్తానని మా ఆయనతో చెప్పేశాను. వచ్చే పోటీల్లో గెలుపులు ఎక్కువైతే వాడు జీతమొచ్చే పై మెట్టెక్కి, నల్ల గోచీ వదిలి తెల్ల గోచీ కడతాడనీ, పదిహేనో ఏట ఇల్లు వదిలింది దానికోసమేననీ ఆయన గుర్తుచేశాడు. నాకు తెలియదా? తెలిసే కొన్నాను.

పొద్దున్నే ఆపిల్ పళ్ల పెట్టె, ఎండుచేపల కట్ట మోసుకుని తాలింఖానాకి వెళ్లాను. తలుపు తీసినవాణ్ణి చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. చెవులు నలిగి ముద్దలైపోయి ఉన్నాయి. మెడ లేదు. కురొగానె అట, అందరికంటే పాతవాడు. నా చేతిలో బరువు అందుకుని, నా మొహంకేసి ఒక్క చూపు చూసి, చటుక్కున తల దించుకున్నాడు. వీడే అనుకున్నాను.

బరి పక్కన ఎత్తు అరుగుమీద నాకు చాప వేశారు. కాళ్లు బరివైపు చాపకుండా మడిచి కూర్చున్నాను. వస్తాదుగారు నా పక్కన కూర్చుని పలకరించాడు. ప్రయాణం ఎలా జరిగింది, చేపలు పడుతున్నాయా అని అడిగాడు. చెయ్యి సంగతి ఎత్తలేదు. తల్లి అంతదూరం నుంచి వస్తే ఎందుకొచ్చిందని ఒక్కమాటైనా అడగరా? అడగలేదంటే తెలిసే అడగలేదు.

సాధన మొదలైంది. మల్లులు వరసగా నిలబడి కాళ్లెత్తి నేలమీద తొక్కుతుంటే అరుగు అదిరింది. నా కళ్లు బరిమీద లేవు. గోడకి ఆనించిన వెదురుకర్ర మీద ఉన్నాయి. ఎవరైనా దాన్ని ముట్టుకుంటారా అని కాచుకుని కూర్చున్నాను. ఒక్కడూ ముట్టుకోలేదు. పైగా ఆ మూల దుమ్ము తుడిచి ఉంది. ఇంట్లో చుట్టాలొస్తే నేనూ మూలలన్నీ తుడుస్తాను.

కాసేపటికి కురొగానె బరి మధ్యలో నిలబడి, తోయమని గుండె ఇచ్చాడు. సోహేయ్ పరుగున వచ్చి ఆ గుండెకి తల ఢీకొట్టి తోశాడు. బరి అంచుదాకా తోశాడు. మళ్లీ, మళ్లీ. ఆఖరికి ఊపిరాడక మోకాళ్లమీద పడితే, కురొగానె మెడ పట్టుకుని ఇసకలో దొర్లించి లేవమన్నాడు. నోటినిండా ఇసక. నేను పళ్లు నూరుకుంటూ కిమోనో అంచు గుప్పిట్లో నలిపేశాను. అదే ఆ సాధన పద్ధతి అని నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండింది. లేచి వాడు కురొగానెకి వంగి దణ్ణం పెట్టి, గరిటెతో నీళ్లు తెచ్చి అందించాడు. కురొగానె ఆ నీళ్లు తాగుతూ మళ్లీ నాకేసి చూశాడు. తప్పు చేసినవాడి చూపు అది. నా కొట్టులో చేప ఎత్తుకెళ్లిన పిల్లి చూపు.

తర్వాత సోహేయ్ గుండె ఇచ్చే వంతు. ఎదురొచ్చినవాడు ముకాయ్ అని కొత్తగా చేరినవాడు. కాలేజీ సగంలో మానేసి వచ్చాడట, మా వాడికంటే రెండేళ్లు పెద్ద, ఒడ్డూ పొడుగూ కూడా పెద్దే. అయినా ఇక్కడ ముందు చేరినవాడే అన్న. అంత మనిషి మా వాణ్ణి "అన్నా, ఇంకోసారి అన్నా" అంటుంటే నాకు కాస్త గర్వంగానే అనిపించింది. మా వాడు వాణ్ణి చక్కగా, మర్యాదగా తోయనిచ్చాడు. నీ కొడుకు ఎంత ఓపిగ్గా నేర్పుతున్నాడో చూడమ్మా అని వస్తాదుగారు అన్నాడు. ఆయన గొంతు కాస్త గట్టిగా వినిపించింది.

సాధన అయ్యాక ఆపిల్ పళ్లు ఇద్దామని వంటగదివైపు వెళ్లాను. తెర అవతల కురొగానె మాటలు వినిపించి ఆగిపోయాను.

"ఆ తల్లి వెళ్లేదాకా ఎవరూ నోరెత్తకండి. ఆవిడకి తెలిస్తే తట్టుకోలేదు."

నేను తెర తీసేసరికి అందరూ కుండలో ఆకుకూర సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను తట్టుకోలేనంతగా నా బిడ్డని ఏం చేశారు వీళ్లు?

నడవలో సోహేయ్‌ని పట్టుకున్నాను. నువ్వు భయపడకు, టిక్కెట్టు తెచ్చాను, ఒక్కమాట చెప్పు చాలు అన్నాను.

"నిన్నెవడు కొడుతున్నాడ్రా?"

"ఎవరూ కొట్టట్లేదమ్మా. ఒట్టు."

వాడు నా కళ్లలోకి చూసి చెప్పాడు. అబద్ధమాడితే వాడి కిందిపెదవి వణుకుతుంది, చిన్నప్పట్నుంచీ అంతే. వణకలేదు. నిజం చెబుతున్నాడు. మరి కుడిచెయ్యి అంగీ చేతిలోపలికి ఎందుకు లాక్కుంటున్నాడు?

భోజనాలకి కూర్చున్నాం. వస్తాదుగారు, నేను, కురొగానె ముందు. తర్వాత మా వాడికి చోటు వచ్చింది. ముకాయ్ లాంటి కొత్తవాళ్లు మా వెనకాల నిలబడి వడ్డిస్తారు, అందరూ తిన్నాక మిగిలింది తింటారు. మల్లులు తినే చాంకో పులుసు కుండలోంచి ఆవిరి లేస్తోంది. నేను తెచ్చిన చేపలు కూడా కాల్చిపెట్టారు. ముకాయ్ వంగి మా వాడి గిన్నెలో పులుసు పోస్తున్నాడు. సోహేయ్ గరిటె అందుకోవడానికి చెయ్యి పైకెత్తాడు, అంతే.

ముకాయ్ కళ్లు మూసుకుపోయాయి. మెడ భుజాల్లోకి పోయింది. చేతిలో గిన్నె మాత్రం ఒలకలేదు. మరుక్షణం ఏమీ జరగనట్టు మళ్లీ వడ్డించసాగాడు.

మా కొట్టుకి ఒక కుక్క వస్తుంది. ఎక్కడో ఎవరో బాగా తన్నినట్టున్నారు. నేను చేపముక్క వెయ్యడానికి చెయ్యెత్తినా అలాగే ముడుచుకుపోతుంది.

గది అంతా చూశాను. ఒక్కరూ నాకేసి చూడలేదు. అందరూ గిన్నెల్లోకి చూస్తున్నారు. కురొగానె తినడం ఆపేశాడు. పొద్దుట్నుంచీ ఈ ఇంట్లో అందరూ నా దగ్గర దాస్తున్నదేమిటో నాకప్పుడు అర్థమైంది. అందర్నీ అనుమానించానే, నేను కన్నవాణ్ణి ఎందుకు వదిలేశాను?

గిన్నెలు కడగడానికి సాయం చేస్తానని లేచి ముకాయ్ వెనకాలే వెళ్లాను. వాడు వద్దని మొత్తుకున్నాడు. పైనున్న బుట్ట దింపడానికి చెయ్యెత్తితే అంగీ పక్కకి తొలిగింది. పక్కటెముకల కింద పెద్ద పట్టీ. దాని అంచు దాటి నల్లగా కమిలి ఉంది. కుస్తీలో అక్కడ దెబ్బ తగలదు.

"ఎవరు బాబూ?"

వాడు నా భుజం మీదుగా తలుపువైపు చూశాడు. తిరిగి చూడక్కర్లేదు నాకు, అక్కడ ఎవరు నిలబడ్డారో తెలుసు.

"పడ్డానమ్మా. అన్న నాకు బాగా నేర్పిస్తున్నాడు. అంతా అన్న దయ."

నా కొడుకుకంటే పెద్దవాడు, చదువుకున్నవాడు, కన్నీళ్లు ఆపుకుంటూ దయ అన్నాడు. నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆ తడి గచ్చుమీద మోకాళ్లూని, నుదురు నేలకి ఆనించి క్షమించమన్నాను. వాడు బెదిరిపోయి నాకంటే కిందికి వంగాడు.

లేచి సోహేయ్‌ని చెయ్యి చూపించమన్నాను. వాడు అరచెయ్యి చూపించాడు. తిప్పమన్నాను. తిప్పాడు.

"కుస్తీలో పిడికిలి ఎక్కడుందిరా?"

వాడి మొహం ఎర్రబడింది. తల ఎత్తి నా మీదకే ఎగిరాడు. "నేనూ దెబ్బలు తిన్నానమ్మా. వచ్చిన కొత్తలో రెండేళ్లు తిన్నాను. నన్ను కొట్టినవాళ్లంతా వెళ్లిపోయారు ఇప్పుడు. నేనెవరికైనా చెప్పానా? తిన్నాను కాబట్టే ఈ మెట్టుదాకా వచ్చాను. ఇలాగే తయారవుతారు ఇక్కడ."

ఆ రెండేళ్లూ వాడు ఫోన్లో బాగున్నానమ్మా అనేవాడు. చుట్టం గొడుగుని కూడా నమ్మని నేను, ఆ మాట నమ్మి హాయిగా నిద్రపోయాను. వాణ్ణి కొట్టాలో కౌగిలించుకోవాలో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. చెప్పులేసుకో, కుస్తీ సంఘం ఆఫీసుకి వెళ్దాం అన్నాను.

వస్తాదుగారు పరుగున వచ్చాడు. పోటీలు దగ్గరపడ్డాయమ్మా, ఇప్పుడు బయటికి పొక్కితే వీడి బతుకు ఇక్కడితో సరి, ఇంటి సంగతి ఇంట్లోనే సర్దుకుందాం, ముకాయ్‌కి నేను నచ్చజెబుతాను అని గబగబా చెప్పాడు. మీకు ముందే తెలుసా అని అడిగాను.

"అనుమానం ఉందమ్మా" అన్నాడాయన.

"అనుమానం ఉంటే చూడాలి కదండీ. నేను త్సుగారు నుంచి వచ్చి చూశాను. మీరు పక్క గదిలోంచి రాలేకపోయారా?"

కురొగానె గుమ్మందాకా వచ్చి నా చెప్పులు తిప్పిపెట్టాడు. నేను చూసి కూడా ఊరుకున్నానమ్మా అన్నాడు, నా మొహం చూడకుండా. పొద్దుట్నుంచీ మనసులో వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో. తిరిగి ఒక నమస్కారం పెట్టాను.

నదిగట్టు వెంట నడిచాం. నేను ముందు, వాడు వెనక. వాడు చిటికెనవేలితో తోస్తే నేను నదిలో పడతాను. వెనక్కి తిరిగి తాలింఖానాకి పోతానన్నా ఆపేశక్తి నాకు లేదు. చెవులు వెనక్కి పెట్టుకుని నడిచాను. చెక్కచెప్పుల చప్పుడు ఒకచోట ఆగింది. నేను ఆగలేదు. ఆగితే నేనే మనసు మార్చుకుంటానని భయం వేసింది. పోనీలే, తెల్ల గోచీ కట్టుకోనీ, తర్వాత మందలిద్దాం అని ఒక పాడు ఆలోచన అప్పటికే వచ్చేసింది. కాసేపటికి చప్పుడు మళ్లీ వెనకాలే వినిపించింది.

ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న మనిషి ఏం పనిమీద వచ్చారని అడిగాడు. ఫిర్యాదు అన్నాను. ఎవరిమీద అన్నాడు.

దారంతా కూడబలుక్కున్న మాటే. నోరు తెరిచాను, రాలేదు. తొమ్మిది నెలలు మోసిన తల్లి నోటినుంచి ఆ మాట ఎలా వస్తుంది? ఆయన మళ్లీ అడిగాడు. నాకు కళ్లనీళ్లు కారిపోతున్నాయి గాని మాట రావడం లేదు.

సోహేయ్ నన్ను మెల్లగా పక్కకి జరిపి ముందుకొచ్చాడు. వాచిన చెయ్యి బల్లమీద పెట్టాడు.

"నామీదేనండి" అన్నాడు. "మావాడు ముకాయ్ చెప్పడు, వాడికి భయం. నేనే చెబుతాను, రాసుకోండి."

వాడి కిందిపెదవి వణికింది, ఈసారి అబద్ధానికి కాదు. అయినా ఆపకుండా మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.