పడ్డవాళ్లను లేపే జట్టు

కబడ్డీ జట్టుకు ఏడుగురు కావాలి. రాజశ్రీ టీచర్ బడిలో ఉన్నదే ఏడుగురు. లెక్క అచ్చంగా సరిపోయిందని మురిసిపోవడానికి లేదు. ఒకరికి జ్వరమొస్తే జట్టు లేదు. ఇద్దరు మానేస్తే బడే లేదు. పిల్లలు ఐదుగురికి దిగితే తాళం వేసుకోవాల్సిందేనని పై ఆఫీసు నుంచి వచ్చినాయన జూన్‌లోనే చెప్పి, చాయ్ తాగి వెళ్లాడు. తాళం పడితే ఈ పిల్లలు లారీలు తిరిగే మెయిన్ రోడ్డు దాటి అవతలి బడికి నడవాలి. నడుస్తారా? నడవరు. కొందరు వ్యాన్ బడికి పోతారు, కొందరు ఇంట్లోనే ఉండిపోతారు. పదకొండేళ్ల నుంచి అదే గల్లీలో పాఠాలు చెబుతున్న రాజశ్రీకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అది వరంగల్‌లో మగ్గాల గల్లీ. పొద్దున్నే పసుపుపచ్చ వ్యాన్లు గల్లీ మొదట్లో ఆగి సగం మంది పిల్లల్ని ఎత్తుకుపోతాయి. మిగిలినవాళ్లే ఈ ఏడుగురు. వాళ్లలోనూ అందరికన్నా చిన్నదైన మానసను తీసేస్తానని, మరమగ్గం మీద పనిచేసే వాళ్ల నాన్న నర్సింగం జూన్ చివర్లో ఒకరోజు బడి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, మీరేం అనుకోకుండ్రి. దసరా సెలవులైనంక బిడ్డను వ్యాన్ బడికి పంపుదామనుకుంటాన్న."

"ఇక్కడ ఏం తక్కువైందన్నా?"

"ఆడ పొల్లగాండ్లు ఇంగ్లీషుల మాట్లాడుతాన్నరు. ఈడ నా బిడ్డ ఏం నేర్సుకుంటాందో నాకైతే సమజైతలేదు."

రాజశ్రీకి రోషం వచ్చింది. రోషంలో మాట ఎప్పుడూ కాళ్లకంటే ముందు పరిగెత్తుతుంది.

"దసరాకు ముందు ఆటల పోటీలున్నయి, వచ్చి చూడన్నా. ఏం నేర్సుకుందో నీ కండ్లతోనే చూడు. చూసినంక గూడ పంపుతనంటే నేనే టీసీ రాసిస్త."

అనేసింది సరే, ఆవిడ జన్మలో కబడ్డీ ఆడిన మనిషి కాదు. చిన్న బడులకు ఆటల సార్లు ఉండరు. అ ఆలు చెప్పే టీచరే ఆటా చెప్పాలి, వంటా చూసుకోవాలి. రాత్రి ఫోనులో చూడడం, పొద్దున పిల్లలకు చెప్పడం. పిల్లలేమో ఎవరికి వారే యమునా తీరే. ప్రతి కూతకూ నేనే పోతానని సాయికిరణ్ మొండికేసేవాడు. పట్టేటప్పుడు నువ్వంటే నువ్వని వెనక్కి జరిగేవాళ్లు. మానస ఎదుటివాడు గీత దాటగానే కళ్లు మూసుకునేది. ఎవరైనా పడితే మిగతా ఆరుగురూ పడీపడీ నవ్వేవాళ్లు.

ఆ నవ్వు చూసి ఒకరోజు రాజశ్రీకి ఒళ్లు మండింది. గోడ అవతల మగ్గాలు దడదడమంటున్నాయి. ఆట ఆపి అందరినీ కూర్చోబెట్టి, మానసను అడిగింది.

"మీ నాన్న మగ్గం మీద ఒక్క పోగు తెగితే ఏం చేస్తడు?"

"మగ్గం ఆపుతడు టీచర్. అతికినంకనే నడుపుతడు."

"నడిపితే ఏమైతది?"

"బట్టంత ఖరాబైతది."

"మరి మీల ఒకరు పడితే?"

పిల్లలకు అర్థమైంది. చెప్పకపోయినా అర్థమయ్యే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలే వాళ్లు. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ, ఎవరు పడినా ఆట ఆగేది, ఆరు జతల చేతులు లేపేవి. సాయికిరణ్ కూత వంతు ఇతరులకు ఇవ్వడం మొదలుపెట్టాడు. అన్నం దగ్గర కూడా అందరి కంచాల్లో పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తేవాళ్లు కాదు. రాజశ్రీ లోపల్లోపల గర్వపడింది. పడ్డవాళ్లను ఎప్పుడు లేపాలి, ఎప్పుడు కాసేపు వదిలేయాలి అన్నది ఆవిడకే తట్టలేదు, ఇక పిల్లలకేం చెబుతుంది!

పోటీలు సుబేదారి దగ్గరి ఒక మైదానంలో జరిగాయి. చిన్న బడులు కదా, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఆడొచ్చన్నారు. నర్సింగం పనికి సగం రోజు సెలవు పెట్టి వచ్చి తాడు పక్కన నిలబడ్డాడు. పిల్లలు బాగా ఆడారు. అబద్ధమెందుకు, రాజశ్రీ అనుకున్నదానికన్నా బాగా ఆడారు. చివరి నిమిషానికి రెండు పాయింట్లు ముందున్నారు. అవతలి జట్టులో పొడుగు పిల్లవాడు కూతకు వచ్చాడు. మానస ఈసారి కళ్లు మూసుకోలేదు. వాడి చీలమండ పట్టుకుంది. మిగతా ఆరుగురూ మీద పడ్డారు. వాడు బోర్లా పడ్డాడు, కూత సన్నబడుతోంది. ఇంకో రెండు క్షణాలు పట్టుకుంటే చాలు.

అప్పుడే మానస నుదురు నేలకు కొట్టుకుంది. "అమ్మా" అంది.

ఆరుగురూ వాడిని వదిలేశారు.

వాడు పాకుతూ వెళ్లి గీత ముట్టుకున్నాడు. వాడిని పట్టిన ఏడుగురూ ఔట్. విజిల్ మోగింది, మైదానమంతా నవ్వింది. ఆ ఏడుగురికి మాత్రం ఏమీ వినిపించలేదు. దీప్తి నీళ్లు పోసింది, అఖిల్ నుదుటి మీద ఊదాడు. అంతా అయ్యాక మానసను నిలబెట్టి, టీచర్ శెభాష్ అంటుందేమోనని ఇటు తిరిగి చూశారు. ఓడిపోయామని వాళ్లకింకా తెలియదు.

నర్సింగం బిడ్డను ఎత్తుకుని ఆవిడ దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"పిల్లలు తప్పు చెయ్యలె మేడం. నేను రోజు చేసేదే చేసిండ్రు. ఇరవై ఏండ్ల సంది పోగు తెగినప్పుడల్లా నా మగ్గం ఆపుతాన్న. నేను ఆగితే పక్క మగ్గాలు ఆగుతయా? నడుస్తనే ఉంటయి. నాకోసం ఆగినోడు ఒక్కడు లేడు." బిడ్డను భుజం మార్చుకుని, "ఆగుడు నా బిడ్డ ఇంట్ల నేర్సుకుంటది మేడం. బడిల ఉర్కుడు నేర్పుతరనుకున్న," అన్నాడు.

సెలవులు అయిన సోమవారం వచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం రాజశ్రీ టీసీ రాసింది. ప్రవర్తన అన్న చోట 'మంచిది' అని రాస్తుంటే కన్నీళ్లు ఆగలేదు. నర్సింగం చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే సాయికిరణ్ వాళ్లమ్మ కమల నీళ్ల బిందెతో గేటు దగ్గర ఆగింది. "ఈడ ఉర్కుడు నేర్పరని మానసోళ్ల నాయిన అన్నది నిజమేనా మేడం? గిట్లనే ఉంటే మావోన్ని గూడ..." అని మాట మింగేసింది.

ఆరుగురిలో ఒకరు పోతే ఐదుగురు. రాజశ్రీ రాత్రంతా ఆలోచించి, తెల్లారి ఆరుగురినీ గీతల మధ్య నిలబెట్టింది.

"ఇయ్యాల్టి నుంచి ఎవరు పడ్డా ఆగొద్దు. పట్టినోన్ని వదలొద్దు."

సాయికిరణ్ అడిగాడు. "మరి పడ్డోళ్లను ఎవరు లేపాలె టీచర్?"

"వాళ్లే లేస్తరు," అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది.

నేర్పడానికి మూడు నెలలు పట్టిన పాఠం. మాన్పించడానికి ఒక్క పీరియడ్ చాలింది. గంట కొట్టే ముందు అఖిల్ జారి, మోకాలు చీరుకుని పడిపోయాడు. మిగతా ఐదుగురూ వాడిని దాటుకుని పరిగెత్తారు.