యాదమ్మ మొకం

కృష్ణకుమారికి రోజు మొత్తంలో తనదంటూ మిగిలేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకానే. ఆ వేళకు పిల్లలు బడిలో ఉంటారు. అత్త అండాలమ్మ నాలుగు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకుంటుంది. భర్త జానయ్య హయత్‌నగర్ డిపోలో కండక్టరు. అప్పటికి ఏ చౌటుప్పల్ దగ్గరో టికెట్లు కొడుతుంటాడు. గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు మంచం కింద నుంచి గుడ్డచుట్ట బయటికి లాగేది.

నాలుగు గజాల ముతక గాడా గుడ్డ అది. చింతగింజలు ఉడికించి, ఆ జిగురులో సుద్ద కలిపి, రెండు పూతలు పూసి తనే తయారు చేసుకుంది. దాని మీద అక్క యాదమ్మ బతుకును వరసగా బొమ్మలు వేస్తోంది. నల్లగొండ దిక్కు వాళ్ల ఊళ్లో బోరింగు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు తాగే యాదమ్మ పదేళ్లకే కాళ్లు వంకరపోయి దొడ్డికాళ్లదయింది. ఇరవై దాటేసరికి మెడ పట్టేసి, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. ముప్పై రెండేళ్లకు పోయింది. ఎవరైనా ఫొటో తీస్తామంటే తలుపు చాటుకు పోయేది కాబట్టి ఆమె ఫొటో ఒక్కటి కూడా లేదు. అందుకే బొమ్మ వేయాలనుకుంది కృష్ణకుమారి. చేతిలో పనితనం ఉంది మరి. నల్లగొండలో సైన్‌బోర్డులు రాసే సీతారాములు కూతురు ఆమె. తండ్రి నిచ్చెన మీద ఉంటే కింద నిలబడి రంగు డబ్బాలు అందిస్తూ, పన్నెండేళ్లకే అక్షరాలు, పదిహేనేళ్లకు మనుషులు వేయడం నేర్చింది. పెళ్లయ్యాక పదహారేళ్లు వాకిట్లో ముగ్గు తప్ప ఏదీ వేయలేదు.

"ముసలిదానివి గావు, పిల్లవు గావు, గీ బొమ్మలేందే నీకు?" అనేది అండాలమ్మ ఎప్పుడైనా మెలకువ వచ్చి చూస్తే. కృష్ణకుమారి కుంచె ఆపేది కాదు. మూడున్నరకు నల్లా వస్తుంది, నాలుగింటికి పిల్లలు వస్తారు. మాటలకు టైం ఎక్కడిది?

ఆ ఏడు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతబడ్డాయి. వారం తిరిగేసరికి బస్సులూ ఆగిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాకు రెండు సందుల లోపల ఉన్న ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా అయిదుగురు. కరెంటు పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు పోయేది. తొమ్మిదో తరగతి చదివే సింధూర, అయిదో తరగతి అభిలాష్ గది మధ్యలో కొట్లాడుకునేవాళ్లు. జానయ్యతో పాటు డిపో వాళ్లు ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. చాయ్ మీద చాయ్. గుడ్డ పరచడానికి నేలే దొరకలేదు.

చౌరస్తాలో దీక్షా శిబిరం వేశారు. ఒకరోజు జానయ్య అక్కడి నుంచి ఉషారుగా వచ్చాడు.

"మా ఇంటామె ఫ్లోరైడు బాధల మీద బొమ్మలేస్తున్నదని చెప్పిన. పండుగ దాటినంక శిబిరంల కడదమన్నరు. పది దినాలల్ల అయితదా?"

కృష్ణకుమారి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పి చూసింది. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆ గుడ్డ విప్పి చూడని మనిషి మాట ఇచ్చి వచ్చాడు.

"నన్నడిగి చెప్పొద్దా?"

"అడిగేదేముంది, ఎట్లనో ఎయ్యనే ఎయ్యవడ్తివి. గని, చాయ్ పెట్టినవా?"

పైన ఇంటివాళ్లు ఉండేవాళ్లు. ఓనరమ్మ సూర్యప్రభది తెనాలి దగ్గర ఊరు. ఆమె భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. ఆ సమ్మె రోజుల్లో పైవాళ్లకూ కిందివాళ్లకూ మాటలు తగ్గాయి. తగువేమీ లేదు. మెట్ల మీద ఎదురైతే రెండు వైపులా ఒక నవ్వు నవ్వి తప్పుకునేవాళ్లు, అంతే. అలాంటిది ఒక మధ్యాహ్నం కృష్ణకుమారి డాబా మీద ఎండలో గుడ్డ పరుచుకుని కూర్చోవడం చూసి సూర్యప్రభే పిలిచింది.

"ఎండదెబ్బ తగులుతుంది కృష్ణా. మా హాల్లో కుర్చీలు పక్కకి జరిపిస్తాను, వచ్చి వేసుకో."

హాల్లో గుడ్డ మొత్తం పరిచాక సూర్యప్రభ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూసింది. బోరింగు దగ్గర వరసగా బిందెలు, బిందెల వెనక వంగిపోయిన ఆడవాళ్లు, బతుకమ్మ చుట్టూ తిరగలేక అరుగు మీద కూర్చుని చప్పట్లు కొడుతున్న పిల్ల.

"మీ ఊరికి సాగర్ ఎంత దూరం?" అని అడిగింది చివరికి.

"యాభై కిలోమీటర్లుంటదక్కా."

సూర్యప్రభ మళ్లీ బోరింగు బొమ్మ దగ్గరికి వచ్చింది. "సాగర్ నుంచి మా కాలవలకొదిలే నీళ్లతోనే మా నాన్న మూడెకరాలు పండించి మమ్మల్ని చదివించాడు. ఇటువైపు ఇలా ఉంటుందని మాకెవరూ చెప్పలేదు," అంది. అని, కరెంటు పోయినా వెలుతురు ఉండేలా హాలు కిటికీ తెర తీసి కట్టేసింది.

వారం రోజులు పని బాగా సాగింది. దసరా వెళ్లిన మూడో రోజు, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, కృష్ణకుమారి పైవాళ్ల హాల్లో చెట్టు కొమ్మలకు పచ్చరంగు వేస్తుండగా కింద అండాలమ్మ నీళ్ల తొట్టి దగ్గర జారిపడింది. జానయ్య శిబిరంలో ఉన్నాడు. పిల్లలు సందు చివర ఆడుకుంటున్నారు. పైకి వినబడేంత గట్టిగా పిలిచే ఓపిక ఆమెకు లేకపోయింది. అరగంట తర్వాత మంచినీళ్ల కోసం వచ్చిన సింధూర చూసి కేక పెట్టింది.

కృష్ణకుమారి మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. తొట్టి పక్కన తడి నేల మీద అత్త ఒత్తిగిల్లి పడి ఉంది. కాలు ఒకటి వేరే ఎవరిదో అన్నట్టు పక్కకు తిరిగి ఉంది. "ఎంతసేపయింది అత్తా?" అంటే "ఏమో బిడ్డ" అంది తప్ప, ఒక్క మాట నిష్ఠూరం ఆడలేదు. అదే కృష్ణకుమారి గుండెల్లో గుచ్చుకుంది. సూర్యప్రభ భర్త కారు తీశాడు. చౌరస్తాలో రాస్తారోకో; శిబిరం వాళ్లే అడ్డం తీసి దారిచ్చారు; జానయ్య ఇప్పుడే డిపో దిక్కు పోయాడని, కబురు పంపుతామని చెప్పారు.

దవాఖానలో తుంటి విరిగిందని చెప్పారు. జానయ్య వచ్చేసరికి కృష్ణకుమారి బెంచీ మీద కూర్చుని ఉంది. వేళ్ల సందుల్లో పచ్చరంగు ఇంకా అలాగే ఉంది. అతని చూపు ముందు దాని మీదే పడింది.

"ఇంట్ల ముసలామెను ఇడిసిపెట్టి బొమ్మలేసుకుంట కూసున్నవా?"

నువ్వెక్కడున్నావని ఆమె అడగొచ్చు. ఆ బొమ్మలకు మాటిచ్చింది ఎవరని కూడా అడగొచ్చు. చేతులు కొంగులో దాచుకుంది.

ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. పదిరోజులకు అండాలమ్మను ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. ఆ గుడ్డను సూర్యప్రభ జాగ్రత్తగా చుట్టి కిందికి పంపింది. కృష్ణకుమారి దాన్ని బీరువా పైకి ఎక్కించి, మీద పాత సూట్‌కేసు పెట్టేసింది. అప్పటికే బస్సులు తిరుగుతున్నాయి. జానయ్య డ్యూటీ ఎక్కాడు. ఆ నెలాఖరుకు బళ్లు తెరిచారు. చౌరస్తాలో డేరా విప్పేశారు. బొమ్మల సంగతి ఎవరూ అడగలేదు. తెల్లవారుజామున లేచి అత్తకు మంచం మీదే అన్నీ ఎత్తిపోయడం, ఒళ్లు తుడవడం, పిల్లలకు డబ్బాలు, జానయ్యకు సద్ది. ఒంటిగంటకు ఇల్లు మళ్లీ నిశ్శబ్దమయ్యేది. ఆ రెండు గంటలూ ఆమె గడప మీద ఊరికే కూర్చునేది.

కార్తీకం వెళ్లాక ఒక మధ్యాహ్నం అండాలమ్మ పిలిచింది.

"కిష్టమ్మా, నీ గుడ్డ ఏడబెట్టినవే?"

"ఎందుకత్తా ఇప్పుడు?"

"పండి పండి పైకప్పు జూసి సస్తున్న. జర తియ్యి, ఏమేసినవో జూస్త."

కృష్ణకుమారి వద్దనుకుంటూనే తీసింది. మంచం పక్కన గోడకు రెండు మేకులు కొట్టి, సగం గుడ్డ వేలాడదీసింది. అండాలమ్మ కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"బోరింగు గిట్లనే ఉండె. గీమె మీ అమ్మ. మరి యాదమ్మకు మొకమేదే?"

కృష్ణకుమారి ఉలిక్కిపడింది. నిజమే. ఎనిమిది బొమ్మల్లో అక్క ఉంది. ఒకచోట వెనక్కి తిరిగి ఉంది, ఒకచోట కొంగు అడ్డం, ఇంకోచోట బిందె అడ్డం. ఎక్కడా ముఖం లేదు. కావాలని దాచలేదు. చేయి అక్కడికి వచ్చేసరికి పక్కకు తప్పుకునేది.

"యాదికొస్తలేదు," అంది.

"ఎందుకు రాదు? నాకే మంచిగ యాదున్నది." అండాలమ్మ గొంతు తగ్గింది. "నేను మీ ఇంటికి పిల్లను జూడనొచ్చింది యాదమ్మనే గద."

పదహారేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

కృష్ణకుమారి గోడకానుకుని కూర్చుండిపోయింది. ఆ రోజు యాదమ్మ నీలం చీర కట్టుకుని నీళ్ల గ్లాసులు తెచ్చింది. నాలుగడుగులు నడిచింది, అంతే. పెళ్లిచూపులకు వచ్చిన అండాలమ్మ అందరి ముందూ, ఆ పిల్ల ముందే, అనేసింది: "గీ కాళ్లతోని బిందె ఎట్ల మోస్తది, పిల్లలను ఎట్ల కంటది? చిన్నదాన్ని జూపిస్తె జూస్తం, లేకుంటె లేస్తం." తండ్రి తల దించుకున్నాడు. గడియసేపట్లో ఆ నీలం చీరే విప్పి చెల్లెలికి కట్టారు. కుచ్చిళ్లు పోసింది యాదమ్మే. వంగలేక, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క మడతా సరిచేసి, తల ఎత్తి చెల్లెలి వైపు చూసింది. ఆ చూపు గుర్తుండబట్టే కృష్ణకుమారి చేయి ఎప్పుడూ అక్కడ ఆగిపోతుంది.

"అరగంట నేల మీద పడి ఉన్న ఆ దినం," అంటోంది అండాలమ్మ, "కాలు కదలది, పిలిస్తె గొంతెల్లది. గప్పుడు ఆ పిల్లే కండ్లల్ల మెదిలింది. నడిచేటోళ్లకేం తెలుస్తదే? నేనన్న మాటకు ఆమె గ్లాసుల నీళ్లు తొణికినయి. నేను జూసిన. జూసి గూడ అన్న."

"పోనియ్ అత్తా, ఇప్పుడెందుకు?"

"ఎందుకు పోనిస్త? గది గూడ ఎయ్యి. నన్ను గూడ ఎయ్యి దాంట్ల. మంచిగ జేసి ఎయ్యకు, నేనెట్లున్ననో గట్లనే ఎయ్యి."

మర్నాటి నుంచి ఒంటిగంటకు మంచం పక్కనే గుడ్డ పరిచింది కృష్ణకుమారి. అండాలమ్మ పడుకునే చెప్పేది. "ముక్కు గంత పొడుగు లేదు. ఎడమ దిక్కు కనుబొమ్మ కాడ చిన్న మచ్చ ఉండె. పండ్లు పసుపువచ్చగుండె, దాచకు." మధ్యలో బెడ్‌పాన్ అడిగేది. కుంచె పక్కన పెట్టి, ఆ పని చేసి, చేతులు కడుక్కుని మళ్లీ కూర్చునేది. ఒక్కోరోజు రెండు వేళ్లంత మేర కూడా సాగేది కాదు. ఒక్కోరోజు అసలు విప్పడానికే కుదిరేది కాదు. అయినా ఆపలేదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం జానయ్య పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి పెళ్లిచూపుల బొమ్మ గోడ మీద ఆరుతోంది. చెప్పులు విడుస్తూ అలాగే నిలబడ్డాడు. అరుగు మీద వేలు చూపి మాట్లాడుతున్న తన తల్లి. మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు పోస్తూ తల ఎత్తిన యాదమ్మ. ఈసారి ముఖం పూర్తిగా ఉంది. ఒక పక్కన కొత్త చొక్కాలో ఒక పిల్లగాడు, నేల చూపులు చూస్తూ.

"గది నేనేనా?"

"నువ్వే."

"నేనప్పుడేం మాట్లాడలే గద."

"అందుకే అట్లేసిన."

జానయ్య లోపలికి వెళ్లాడు. కాసేపటికి వెనకగదిలో బియ్యం చేటలో పోసిన చప్పుడయింది. రాళ్లు ఏరడం అతనికి చేతకాదు. ఆ రాత్రి అన్నంలో రెండు మూడు రాళ్లు తగిలాయి. ఏరి కంచం అంచున పెట్టి తిన్నారు. ఆ తర్వాత పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో సాయంత్రం పొయ్యి అతనిదే అయింది. మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటేమీ కాదు.

ఎండాకాలం మొదట్లో నల్లగొండలో ఫ్లోరైడు బాధితుల సభ జరిగింది. బొమ్మల సంగతి విని నిర్వాహకులు కబురు చేశారు. కృష్ణకుమారి పోలేకపోయింది. అండాలమ్మకు వీపున పుండు పడింది, గంటకోసారి పక్క మార్చాలి, అభిలాష్‌కు పరీక్షలు. జానయ్య సెలవు పెట్టి, గుడ్డచుట్టను ఒళ్లో పెట్టుకుని తన డిపో బస్సులోనే టికెట్ కొనుక్కుని వెళ్లాడు. చీకటి పడ్డాక తిరిగి వచ్చాడు.

"మంది మస్తుగొచ్చిన్రు," అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "మనకిచ్చిన గోడ సాలక మూల తిప్పి కట్టినం."

"పెళ్లిచూపుల బొమ్మ కాడ ఎవలన్న ఆగిన్రా?"

"ఒకామె ఆగింది. సంకల కర్ర పెట్టుకుని వొచ్చింది. శానసేపు నిలవడ్డది. పోంగపోంగ, గీ బొమ్మల్ల పిల్ల ఎవలయ్యా అని అడిగింది."

"ఏం జెప్పినవ్?"

జానయ్య తువ్వాల భుజాన వేసుకున్నాడు. "మా వొదినె అని చెప్పిన."

మంచం మీద నుంచి అండాలమ్మ నీళ్లడిగింది. కృష్ణకుమారి లేచి, ఒక చేత్తో ఆమె తల ఎత్తిపట్టి, గుక్కగుక్కగా తాగించింది.