విప్పిన అంచు

మహబూబ్‌నగర్ కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది సైకాలజీ క్లాసులో ఆ రోజు మేడమ్ ఓసీడీ గురించి చెప్పింది. తాళం వేసి పదిసార్లు వెనక్కొచ్చి చూసుకునేవాళ్లు, చేతులు కడిగి కడిగి తోలు ఊడగొట్టుకునేవాళ్లు. "అక్కడ తప్పేమీ లేదని వాళ్లకూ తెలుసు. తెలిసినా ఆపుకోలేరు. అదే ఈ జబ్బు" అంది. మీలో ఎవరైనా ఇలాంటివాళ్లను చూశారా అని అడిగింది.

విజేందర్ అనే అబ్బాయి లేచి, వాళ్ల వాడలో ఒకాయన గ్యాస్ బంద్ చేశానో లేదో అని బస్టాండ్ దాకా పోయి మళ్లీ ఇంటికి ఉరుకుతాడని చెప్పి, ఆయన ఎలా ఉరుకుతాడో చేసి చూపించాడు. క్లాసంతా నవ్వింది. నవనీత కూడా నవ్వింది. నవ్వుతుండగానే ఆమెకు నారాయణపేటలో మగ్గం ముందు కత్తెర పట్టుకుని కూర్చున్న నాయిన కనిపించాడు. అయినా నవ్వు ఆపలేదు. ఆపితే పక్కనున్న నిరోష ఎందుకని అడుగుతుంది.

ఆమె తండ్రి గురవయ్య ముప్పై ఏళ్లుగా చీరలు నేస్తున్నాడు. ఏడాదిన్నరగా ఆయనకు ఒక అనుమానం పట్టుకుంది. జానెడు నేస్తాడు. అంచులో ఒక పోగు తప్పిందేమో అనిపిస్తుంది. వేలు పెట్టి లెక్కిస్తాడు. సరిగ్గానే ఉంటుంది. మళ్లీ లెక్కిస్తాడు. చివరికి పోగులు కత్తిరించి, నేసినదంతా విప్పేస్తాడు. ఐదు రోజుల్లో మగ్గం నుంచి దిగాల్సిన చీరకు నెల పడుతోంది. ఎలుకలు కొరికాయని భార్య అండాలుకు చెప్పాడు. నూలు బాగాలేదని, నూలిచ్చి చీరలు నేయించుకునే సేటుకు చెప్పాడు. నాయినకు చూపు ఆనడం లేదని నవనీత స్నేహితురాళ్లకు చెప్పింది.

దసరా సెలవుల్లో ఒకసారి, పక్కింటివాళ్లు చూస్తుండగా, "పిచ్చోని లెక్క చేస్తున్నవు" అని నవనీత ఆయన మీద అరిచింది కూడా. గురవయ్య కత్తెర కింద పెట్టి బయటికి పోయాడు. ఆ పూట అన్నానికి రాలేదు.

ఆ క్లాసు తర్వాతి శనివారం నవనీత ఇంటికి వెళ్లేసరికి అండాలు బయటికి పోయింది. గురవయ్య అంచు విప్పుతున్నాడు. కూతుర్ని చూసి కత్తెరను తొడ కిందికి నెట్టాడు.

"అండ్ల తప్పుందా నాయినా?"

"లేదు."

"మరెందుకు ఇప్పుతున్నవు?"

"తప్పు లేదని నాకెర్కనే బిడ్డా. లెక్కవెట్టకుంటే పెయ్యంత చెమట పడ్తది. ఒక్కసారి చూద్దామనిపిస్తది. చూస్తే ఇంకొక్కసారి. ఇంత పనొచ్చినోన్ని, గిది ఎవ్వలికి చెప్పుకోవాలె?"

మేడమ్ క్లాసులో చెప్పిన మాటే ఇది. నవనీత మగ్గం పక్కన కూర్చుంది.

"గిది జబ్బు నాయినా. మందులున్నయి. దవాఖానకు పోదాం."

"పిచ్చి దవాఖానకా?"

"గట్ల అనకు."

"నువ్వే అన్నవు గద బిడ్డా."

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆమె తల ఎత్తలేకపోయింది.

ఎవరికీ తెలియకుండా అయితే వస్తానన్నాడు. కళ్లు చూపించుకోవడానికని అండాలుకు చెప్పి సోమవారం ఇద్దరూ మహబూబ్‌నగర్ వెళ్లారు. దవాఖానలో వరుసలో కూర్చున్నంతసేపూ గురవయ్య తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. డాక్టరమ్మ ఏమడిగినా జవాబు చెప్పకుండా కూతురి వైపు చూశాడు. అది గమనించి ఆమె నవనీతను బయట కూర్చోమంది. అరగంట తర్వాత ఆయన ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాడు.

"అన్ని చెప్పిన. నాలాంటోళ్లు శానమంది వస్తరంట" అన్నాడు.

నారాయణపేట బస్సులో దేవరకద్ర దాటాక నవనీత ఉండబట్టలేకపోయింది.

"నాయినా, క్లాసుల గీ జబ్బు గురించి చెప్తే అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన."

"నా గురించేనా?"

"కాదు, వేరేటాయన గురించి. నువ్వు యాదికొచ్చినవు. అయినా నవ్విన."

గురవయ్య కిటికీ వైపు తిరిగాడు. ఊరు వచ్చేదాకా అటే చూస్తూ కూర్చున్నాడు.

మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. మొదట్లో మందుల మత్తుకు గురవయ్య మగ్గం మీదే కునుకు తీసేవాడు. రెండో నెలలో ఒక చీర తొమ్మిది రోజుల్లో దిగింది. అందులో రెండుసార్లే విప్పాడని అండాలు ఫోన్లో చెప్పింది. కళ్ల జబ్బు కాదని ఆయనే ఆమెకు చెప్పేశాడట.

మళ్లీ చూపించుకోవాల్సిన రోజున నవనీత హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "బస్టాండ్ల ఉంట నాయినా. ఎన్నింటికి దిగుతవు?"

"పొద్దుగాల్నే వచ్చి చూయించుకున్న బిడ్డా. ఇంటికొచ్చి గంటయితుంది."

దవాఖాన ఆమె హాస్టల్‌కు రెండు వీధుల అవతలే ఉంది.

"నాకు చెప్పకపోతివి."

"ఒక్కన్నే పోవాలనిపించింది" అని, కొంచెం ఆగి, "తిన్నవా?" అన్నాడు.

"తిన్న."

ధైర్యం వచ్చి ఆయన ఒంటరిగా వెళ్లాడో, నవ్విన కూతురి పక్కన కూర్చోవడం ఇష్టం లేక వెళ్లాడో ఆమెకు తెలియలేదు.