మేనల్లుడి ఓడలో పంతొమ్మిది వందల షేర్లు

ఆ కంపెనీ పేరు నేను రాయను. రాస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. ముంబైలో దాని ఆఫీసు, దానికొక పెద్ద విహారయాత్రల ఓడ, ఆ ఓడలో గదులు సర్దే పనిలో మా అప్ప కొడుకు, నా మేనల్లుడు ధనరాజ్. మీకు అంతవరకు తెలిస్తే చాలు.

నా పేరు నరసింగరావు. నరసన్నపేట చుట్టుపక్కల పోస్టాఫీసుల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. ఆ ముప్పై నాలుగేళ్లూ కనపడిన ప్రతివాడి చేతా పోస్టాఫీసులో డబ్బు కట్టించాను. చిట్టీల జోలికి పోకండి, ఎక్కువ వడ్డీకి ఆశపడకండి అని బల్ల గుద్ది చెప్పాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, ఆ సామెత నన్ను చూసే పుట్టించి ఉంటారు. రిటైరయ్యాక తీరిక ఎక్కువై ఫోనులో షేర్ల యాప్ ఒకటి పెట్టుకున్నాను. పొద్దున్న మార్కెట్టు తెరిచే తొమ్మిదింపావు ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి.

మా అప్ప దాలమ్మది శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున ఊరు. బావ పోయి పదేళ్లయింది. తిత్లీ తుఫానుకు ఇంటి కప్పు లేచిపోతే గోడల మీద టార్పాలిన్ కట్టుకుని అందులోనే ఉంటోంది. ధనరాజ్ ఓడెక్కింది ఆ కప్పు కోసమే. వాడు పంపిన డబ్బులో పైసా ముట్టకుండా నాలుగు లక్షలు పోగేసి, 2019 డిసెంబరులో అప్ప నా చేతిలో పెట్టింది. పోస్టాఫీసులో వెయ్యమంది, వేసవి చివర తీసి స్లాబు పోయించమంది. వేలిముద్ర కాగితాలూ అవీ తనకు తెలియవనీ, అంతా నా పేరునే ఉంచుకోమనీ అంది.

నేను పోస్టాఫీసు మెట్లదాకా వెళ్లాను కూడా. అక్కడ నిలబడి ఫోను తీశాను. ఆ కంపెనీ షేరు రెండు వందల పది దగ్గరుంది. మన గుంటడు పనిచేసే కంపెనీ, లోపల మన మనిషే ఉన్నాడు, ఇంక భయమేమిటి అనుకున్నాను. పిల్లనిచ్చేటప్పుడు ఆ ఊళ్లో మనవాళ్లెవరైనా ఉన్నారా అని చూస్తాం కదా, నేను షేరు కూడా అలాగే చూసి కొన్నాను. పంతొమ్మిది వందల షేర్లు. వేసవికి రెట్టింపైతే స్లాబుతోపాటు మేడ మీద ఒక గది. ఆలూ లేదు చూలూ లేదు, మేడ మీద గదికి కిటికీలు ఎటు పెట్టాలో కూడా ఆలోచించాను.

మార్చిలో కరోనా వచ్చింది. ఓడలో ఉన్న యాత్రికులందరినీ దించేశారు. పనివాళ్లను మాత్రం దిగనివ్వలేదు. రేవుకు దూరంగా లంగరు వేసి నిలిపేశారు. షేరు రెండు వందల పది నుంచి నూట ఇరవైకి, అక్కడి నుంచి అరవై నాలుగుకు, ఏప్రిల్ నాటికి నలభైకి దిగింది. అమ్మేద్దామంటే చెయ్యి రాలేదు. ఉంచుదామంటే నిద్ర రాలేదు. టీవీలో ఒకాయన ప్రయాణాల కంపెనీలు అన్నిటికన్నా ఆఖరున లేస్తాయన్నాడు. ఇంకొకాయన కొనడానికి ఇంతకన్నా మంచి అదను రాదన్నాడు. ఇద్దరూ టైలు కట్టుకుని నవ్వుతూనే చెప్పారు. నేను మాత్రం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

అప్పుడు నాకు తోచింది, టీవీ వాళ్లకు లేనిది నాకొకటి ఉందని. నా మనిషి ఓడలోనే ఉన్నాడు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ధనరాజ్‌కి ఫోను చెయ్యడం మొదలుపెట్టాను. తిన్నావా, జ్వరమేమైనా ఉందా అని ఒక ముక్క అడిగేసి అసలు సంగతిలోకి దిగేవాణ్ణి. వంటగది నడుస్తోందా, డీజిలు తెచ్చే పడవ వచ్చిందా, దీపాలు ఎన్ని అంతస్తుల్లో వెలుగుతున్నాయి, తుప్పు గీకి రంగు వేస్తున్నారా. వాడు ఓపిగ్గా అన్నీ చెప్పేవాడు. రంగు వేస్తున్నారంటే ఓడ కదుపుతారన్నమాటే. ఆ రోజు అన్నం సహించేది. డీజిలు పడవ రాలేదంటే ఆ రోజంతా ఇంట్లో అందరి మీదా చిందులు. అందరూ అంటే మా ఆవిడ యమున ఒక్కర్తే అనుకోండి.

మే నెల వచ్చింది. నరసన్నపేటలో సిమెంటు కొట్లు తెరిచారని ఎవరో చెప్పారట, అప్ప ఫోను చేసింది. వానలు రాకముందే స్లాబు పోసేస్తే మంచిదంది, డబ్బు ఎప్పుడు తీస్తావంది. పోస్టాఫీసులో జనం ఎగబడుతున్నారనీ, పదిహేను రోజులు ఆగమనీ అన్నాను. ఒక్క జనమూ లేరు. నేను రోజూ ఆ దారినే పాలకు వెళుతున్నాను. అలాంటి అబద్ధం నా నోట అంత నున్నగా వస్తుందని నాకే తెలియదు.

తర్వాతి వారం ధనరాజ్ చెప్పిన కబురు నాకు నచ్చలేదు. రంగు పని ఆపేశారట. గదుల్లోని కొత్త పరుపులన్నీ కట్టలు కట్టి, చిన్న పడవల మీద ఒడ్డుకు పంపేస్తున్నారట. ఉతికించడానికేమోలే అన్నాను. కొత్త పరుపులు ఎవరుతుకుతారు మావా, అన్నాడు నెమ్మదిగా. ఆ రోజు షేరు మాత్రం రెండు రూపాయలు పెరిగింది. పరుపుల సంగతి మార్కెట్టుకు తెలియదు, నాకు తెలుసు. తెలిసీ అమ్మలేదు. ఆ రెండు రూపాయలు చూసుకుని నన్ను నేను నమ్మించుకున్నాను. చదువుకున్న వెధవని, ఇంకేమంటాను.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం వాడే ఫోను చేశాడు. ఎప్పుడూ నేనే చేసేవాణ్ణి కాబట్టి మొదటి రింగుకే ఎత్తాను.

"మావా, కంపెనీవోలు ఒక కాయితం ఇచ్చినారు. సంతకం పెట్టినోలకి రేపు పొద్దున్న పడవ, అక్కడి నుంచి వైజాగుకి బస్సు. కానీ మూడు నెలల జీతం ఒగ్గుకున్నట్టు రాసివ్వాల. ఉండిపోయినోలకి ఓడ కదిలినాక అంతా కలిపి ఇస్తారట."

వదులుకోవలసిన ఆ మూడు నెలల జీతమంటే లక్షా ఐదు వేలు. కింది అంతస్తులో ఇద్దరికి జ్వరమొచ్చి గదుల్లో పెట్టి తాళం వేశారనీ, అందులో ఒకడు తన పక్క మంచం వాడేననీ కూడా చెప్పాడు. ఆ మాట వాడు రెండు రోజులుగా దాచాడు. నేను కంగారు పడతానని.

"నువ్వు మా కంపెనీ సంగతి రోజూ సదువుతావు గదా," అన్నాడు. "అది నిలబడతాదా మావా? నువ్వేటి సెప్తే అదే సేస్తాను."

రెండు నెలలుగా నన్ను నేను అడుక్కున్న ప్రశ్న అదే. నాకు నేను ఇచ్చుకున్న జవాబులు కోకొల్లలు. జూన్‌లో లేస్తుంది, వేక్సీన్ వస్తే లేస్తుంది, ఆగినవాడిదే లాభం. వాడు అడిగేసరికి వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నిలబడదురా. దిగిపో," అన్నాను.

నా నాలుగు లక్షలకు, కాదు, వాడి నాలుగు లక్షలకు, నా నోటితో నేనే నీళ్లు వదిలేశాను.

"నానూ అదే అనుకుంటన్నాను," అన్నాడు వాడు. "పోస్టాఫీసులో నాలుగు లచ్చలు ఉన్నాయి కాబట్టి ధైర్నం. అవి లేకపోతే మాత్రం దిగను మావా. జొరం వస్తే వస్తాది. లచ్చ రూపాయలు ఒగ్గుకుని ఉత్తి సేతుల్తో వస్తే అమ్మకి స్లాబెలగ?" మళ్లీ అడిగాడు. "ఉన్నాయి గదా మావా?"

నిజం చెబితే వాడు ఆ జ్వరాల మధ్యే ఉండిపోతాడు. అబద్ధం చెబితే దిగుతాడు. వాడు హలో హలో అంటున్నాడు.

"ఉన్నాయిరా. పోస్టాఫీసులోనే ఉన్నాయి. సంతకం పెట్టి దిగిపో."

ఫోను పెట్టి తిరిగేసరికి యమున టీ గ్లాసుతో నిలబడి ఉంది. మా ఇంట్లో పాసుబుక్కులన్నీ బీరువాలో తన చీరల కింద ఉంటాయి. వాటిలో మా అప్ప డబ్బు వేసినది ఏదీ లేదని తనకు తెలుసు.

"ఏ పోస్టాఫీసు బావా?" అంది.

అంతా చెప్పేశాను. మెట్ల మీద నిలబడి కొన్న దగ్గర్నుంచి పరుపుల దాకా. తను తిట్టలేదు, అదే నాకు భయమేసింది. రాత్రి వంట చేసి నాకు వడ్డించి, తను తినకుండా పడుకుంది. పొద్దున్న ధనరాజ్ పడవ దిగానని కబురు పెట్టాడు. తొమ్మిదింపావుకు షేర్లన్నీ ముప్పై ఏడుకు అమ్మేశాను. డెబ్భై వేలు వచ్చాయి. యాప్ మూసి తలెత్తితే యమున ముతక చీర కట్టుకుని, మాస్కు పెట్టుకుని, చేతిలో తన పాసుబుక్కు పట్టుకుని ఉంది. నెలనెలా వడ్డీ వచ్చే మూడున్నర లక్షల డిపాజిట్ అది. తన బీపీ మందులూ, తన చిన్న చిన్న ఖర్చులూ ఆ వడ్డీతోనే. నా ముందు చెయ్యి చాపనక్కర్లేని డబ్బు తనకు అదొక్కటే.

"ఇది మీ అప్ప స్లాబుకి ఇస్తన్నాను, నీకు కాదు," అంది. "కానీ నువ్వు సేసింది నీ నోటితో నువ్వే సెప్పాల. ఆయమ్మకీ, గుంటడికీ. నాను సెప్పను, దాసిపెట్టను."

ఇంకొక మాట కూడా చెప్పాలి, దాచను. నేను అమ్మిన మూడు రోజుల్లో ఆ పాడు షేరు యాభై ఆరుకు పెరిగింది. లాక్‌డౌన్ సడలిస్తారన్న ఊహ మీద పెరిగిందట. నాకు ఏడుపొచ్చింది. గుంటడు క్షేమంగా ఓడ దిగాడని తెలిసి కూడా, స్నానాల గదిలో తలుపేసుకుని తేడా పంతొమ్మిది రూపాయలను పంతొమ్మిది వందలతో హెచ్చవేసుకున్నాను. మనిషన్నవాడు అంత నీచంగా ఉంటాడు.

ధనరాజ్‌ను అప్ప ఊరి హైస్కూల్లో క్వారంటైన్ అని పద్నాలుగు రోజులు ఉంచారు. మూడో రోజు నేను డబ్బు సంచితో వెళ్లాను. అప్ప స్కూలు గేటు బయట అన్నం క్యారియరుతో నిలబడి ఉంది. కొడుకు వరండాలో కనిపించే వేళకు రోజూ వస్తుందట. నన్ను చూసి ముఖమంతా నవ్వింది. ఆ నవ్వు ఉండగానే చెప్పాలి, లేకపోతే ఎప్పటికీ చెప్పలేననుకున్నాను. చెప్పాను. డబ్బంతా సంచిలో ఉందని, అందులో మూడున్నర లక్షలు యమునవని కూడా చెప్పాను.

అప్ప సంచి వైపు చూడలేదు. నన్నే చూసింది.

"ఒరే తమ్ముడా, నువ్వు రోజూ పోను సేసి కనుక్కున్నది నా గుంటడి గురించా, నీ ఓడ గురించా?"

అబద్ధాలు చెప్పీ చెప్పీ నోరు అలవాటు పడి ఉంది. ఇంకొకటి చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"ఓడ గురించే అప్పా," అన్నాను.

ఆ మాటకు అప్ప కళ్లు దించుకుంది. అంతలో ధనరాజ్ వరండాలోకి వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. నన్ను చూసి మాస్కు కిందికి లాగి, అంత దూరం నుంచే తల్లికి వినపడేలా అరిచాడు.

"అమ్మా, ఓడలో ఎవులికీ రోజూ పోను రాలేదే. నాకొక్కడికే వచ్చీది. మీ నాన్నా అని అందరూ అడిగీవోలు. అవునని సెప్పీసినాను."

అప్ప క్యారియరు నా చేతిలో పెట్టింది. నువ్వే ఇయ్యి, ఇచ్చి సెప్పు, అంది. నేను గేటు దగ్గరకు వెళ్లి, క్యారియరును గేటు కింది సందులోంచి లోపలికి తోశాను. వాడు మెట్లు దిగి వచ్చాడు.

"ధనరాజ్, నీకొక సంగతి చెప్పాలిరా."

"కంపెనీ సంగతేనా మావా?" అని నవ్వాడు.

"కాదురా," అన్నాను. "నా సంగతి."