ఎడమ రింగు

సిద్దయ్య ఆకురాయిని మూడుసార్లు నడిపి, అల్యూమినియం పొడిని ఉఫ్‌మని ఊది, చొక్కా జేబులోంచి చిటికెడు దూది తీశాడు. దాన్ని అంచు వెంట చుట్టూ జార్చాడు. ఎక్కడా పట్టుకోలేదు. అప్పుడు గానీ ఆ ముక్కను పక్కన పెట్టలేదు.

నాచారం కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని ఇదే. లోహం కోసినచోట అంచున కంటికి ఆనని గరుకు మిగిలిపోతుంది. దాన్ని తీసేయాలి. కంటికి ఆననిది దూదికి తెలుస్తుంది. భార్య కిష్టమ్మ ఉప్పల్‌లో ఇంటి దగ్గర దీపపు ఒత్తులు చేసి దుకాణాలకు వేస్తుంది. ఆ దూదిలోంచే రోజూ ఇంత గిల్లి జేబులో వేసుకుంటాడు.

పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు దిగిపోయింది. బొటనవేలు చెప్పు అడుగులా గట్టిపడింది. గోళ్ల నలుపు పండక్కి కూడా పోదు. నోరు అసలే మంచిది కాదు. అందుకే పక్కన కూర్చుని అన్నం తినేవాడు ఒక్కడూ లేడు. దానికి బాధ లేదంటాడు. ఉంది.

ఏడాదిగా అక్కడ ఒక పెట్టె తయారవుతోంది. బీరువాలో సగమంత ఉంటుంది. ముందు అద్దం, దాని కింద రెండు గుండ్రటి కంతలు, ఒక్కో కంతకు ఒక రింగు, రింగుకు తగిలించే రబ్బరు చేతి తొడుగు. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ఆ తొడుగుల్లో చేతులు పెట్టి, లోపల ప్రయోగాలు చేస్తారట. అక్కడ నీటిచుక్క కింద పడదు, తేలుతూ ఎటైనా పోతుంది; అందుకని అంతా పెట్టెలోనే. పోయిన వారం సైంటిస్టులొచ్చి ఆ తొడుగుల్లో చేతులు పెట్టి ఫొటోలు దిగారు. చొక్కా మురికిగా ఉందని సిద్దయ్యను మాత్రం వెనక షెడ్డుకు తోలారు. ఆ మంట ఇంకా ఆరలేదు.

ఇవాళ సాయంత్రం పెట్టె ప్యాకింగ్. తొడుగులు అప్పటికే విడిగా కట్టేశారు. ఒకసారి మూత బిగిస్తే ఇక్కడ మళ్లీ ఎవరూ విప్పరు. ఎడమ రింగు మాత్రం సిద్దయ్య చేతికి రానే లేదు. ఆలస్యమవుతోందని మిషను నడిపే వీరేందర్ దాని మీదే అంచు గరుకు తీసేసి బిగించేశాడు.

పొద్దుటి టీ గంట కొట్టగానే సిద్దయ్య వెళ్లి క్వాలిటీ మేనేజర్ లక్ష్మీకాంత్ ముందు నిలబడ్డాడు.

“సార్, ఆ ఎడమ రింగు నేను సూడలే.”

“మిషన్ చూసింది. ఓకే వచ్చింది. రిపోర్టు మీద సంతకం గూడ పెట్టిన.”

“మిషిన్ అండ్ల చెయ్యి పెడ్తదా? పెట్టేటోడు మనిషి గద. తొడుగు సినిగితే ఆడికి దర్జీని తోలుతవా?”

లక్ష్మీకాంత్ తలెత్తలేదు. “నీ పని నువ్ జూస్కో. దిమాఖ్ ఖరాబ్ చెయ్యకు.”

వెనక నుంచి వీరేందర్ నవ్వాడు. “ఫొటోల లేనని కడుపుమంట సార్, గంతే.”

సిద్దయ్యకు ఒళ్లు మండింది. నిజమే, ఆ మంటా ఉంది. కానీ ఆ రింగూ ఉంది.

అందరూ భోజనాలకు పోయాక, పెట్టె ఉన్న తెల్లగదిలోకి వెళ్లాడు. దుమ్ము పడకూడదని టోపీ, తెల్లకోటు లేకుండా ఎవరూ అడుగుపెట్టని గది. అతనికెవరూ కోటు ఇచ్చిన పాపాన పోలేదు. పెట్టె మీది కవరు తొలగించి, ఎడమ రింగు అంచు మీద దూది జార్చాడు. పైన బాగుంది. పక్కన బాగుంది. కింది వంపులో దూది ఆగింది.

“ఆఁ, దొరికినవ్!” అన్నాడు. ఆ సంబరంలో చెయ్యి మోచేతిదాకా కంతలోకి పోనిచ్చాడు. లోపల చల్లగా ఉంది. ఇన్నాళ్లలో ఆ పెట్టెలో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి.

“బయటికి రా!” గుమ్మంలో లక్ష్మీకాంత్. “చేతిల ఏంది? దూదా? ఈ గదిల దూదా?”

“జర ఇటు రా సార్, ఈడ పట్టుకుంటుంది—”

“ఒక్క పోగు లోపల ఉన్నా అది పైన తేలుకుంట పోయి లెన్సు మీద కూసుంటది. గాళ్ల కండ్లల్ల వడ్తది. ఏడాది పని నాశనం జేసినవ్ గదరా!”

సిద్దయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నీటిచుక్క సంగతి విన్నాడు గానీ, దూది కూడా తేలుతుందని అతనికి తట్టనే లేదు. ఎవరూ చెప్పనూ లేదు. తప్పయిందని అనబోయాడు. కానీ ఆ చివరి ‘రా’ గొంతుకు అడ్డం పడింది.

“రా అంటవా? నువ్వు పలక పట్టక ముందే నేను ఆకురాయి పట్టిన!”

“గేటు పాసు ఈడ పెట్టి పో. రేపటిసంది రాకు.”

పాసు పెట్టాడు. చేతులు కడుక్కుని టిఫిను డబ్బా తీసుకున్నాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. అతనూ ఎవరికీ చెప్పలేదు. గేటు దాటి ఉప్పల్ వైపు నడిచాడు. మిగిలిన దూది కిష్టమ్మకు తిరిగి ఇచ్చేయాలి.

తెల్లగదిలో లక్ష్మీకాంత్ టార్చి పట్టుకుంటే వీరేందర్ వాక్యూమ్ పైపుతో నేల, అద్దం, పెట్టె లోపల అంతా లాగాడు. పోగులన్నీ పోయాయి. ఒక్కటి మాత్రం పోలేదు.

“ఇంకోసారి పెట్టు.”

పెట్టాడు.

“మల్ల పెట్టు.”

వీరేందర్ పైపు దించేశాడు. “సార్... సిద్దన్నను పిల్వాల్నా?”

లక్ష్మీకాంత్ బల్ల వైపు చూశాడు. పొద్దున సంతకం పెట్టిన రిపోర్టు బల్లమీదే ఉంది. ఎడమ రింగు కింది వంపులో వేలెడు దూదిపోగు ఏసీ గాలికి అటూ ఇటూ ఊగుతూ, అంచును పట్టుకునే ఉంది.